వరంగల్ నుంచి వరుస సెలవుల్లో ఎటు వెళ్లాలి? జనం వచ్చే దిక్కుకు ఎదురు వెళ్లండి

మీ ప్రశ్నను ఒకసారి చెప్పుకుందాం. మీది హనుమకొండ. మీరు బ్యాంకులో, మీ శ్రీమతి ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నారు. ఇద్దరు పిల్లలు, డెబ్బై దాటిన అమ్మగారు. వరుస సెలవులు వచ్చిన ప్రతిసారీ లక్నవరం చెరువో, రామప్ప గుడో, బొగత జలపాతమో అనుకుంటారు. గదులు దొరకవు, దొరికినా సగం రోజు రోడ్డు మీదే పోతుంది. ఈ 2026లో అక్టోబరు 2 శుక్రవారం వచ్చింది కాబట్టి మూడు రోజులకు ఎటు వెళ్లవచ్చు, అసలు ఇలాంటి ప్రయాణాలు ఎలా వేసుకోవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. వరుస సెలవుల్లో ఈ మూడింటికీ వెళ్లే ములుగు రోడ్డు ఎక్కకండి. కరీంనగర్ మీదుగా ఉత్తరానికి, జన్నారం, నిర్మల్ వైపు వెళ్లండి. రామప్ప, లక్నవరం మామూలు రోజులకు ఉంచుకోండి. ఇంకొకటి, మీరు గమనించారో లేదో, అక్టోబరు 3 మీ ఇద్దరికీ పని రోజే. ఆ సంగతి కిందకు వస్తాను.

హనుమకొండలో కుటుంబాలకు కార్లు, టెంపో ట్రావెలర్లు మాట్లాడిపెట్టి, గదులు చూసిపెట్టే పని నాది. చాలా ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది మీలాంటివారే. ఊరు దగ్గర ఇన్ని చూడదగ్గ చోట్లు ఉండి కూడా, చూడకూడని రోజున చూసి విసిగిపోయినవారు.

ముందుగా ములుగు రోడ్డు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. హైదరాబాదులో వారానికి ఐదు రోజులు పనిచేసేవారు శుక్రవారం రాత్రో, శనివారం తెల్లవారుజామునో బయలుదేరుతారు. నూట యాభై కిలోమీటర్లు, మూడు గంటలు. మధ్యాహ్నానికి వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి చూసుకుని రామప్పకో లక్నవరానికో వెళతారు. మర్నాడు బొగత. 2021 జూలైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక ఈ వరుస మరింత పెరిగింది. వీరందరికీ దారి ఒక్కటే, 163 జాతీయ రహదారి. రామప్పకు జంగాలపల్లి దగ్గర మలుపు, లక్నవరానికి చల్వాయి దగ్గర మలుపు, బొగతకైతే ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీదుగానే పోవాలి. పక్కదారి లేదు. పైగా మన హనుమకొండ, వరంగల్ వాళ్లమూ అదే రోజు, అదే పది గంటలకు బయలుదేరి ఆ వరుసలోనే చేరుతున్నాం.

ఒక ఆగస్టు 15న ఒక కుటుంబం బొగతే చూడాలని పట్టుబట్టింది. నేను వద్దన్నాను, పిల్లలకు మాట ఇచ్చామన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు చేరారు. కారు ఆపిన చోటి నుంచి జలపాతం దాకా చాలా దూరం నడక, పైన వాన. అక్కడికి చేరేసరికి ప్రవాహం ఎక్కువగా ఉందని నీళ్ల దగ్గరికి పోనివ్వలేదు. పోనివ్వకపోవడమే న్యాయం కూడా. పిల్లలు రెయిలింగు దగ్గర పది నిమిషాలు నిలబడి వచ్చారు. ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. అదే కుటుంబం సెప్టెంబరు చివర్లో ఒక మామూలు శనివారం పొద్దున్నే వెళ్లి, నీటి తుంపర ముఖాన పడేంత దగ్గర గంటసేపు కూర్చుని వచ్చింది. మారింది రోజు మాత్రమే.

రామప్ప మనకు గంటన్నర దూరం. హైదరాబాదువారికి ఆ అవకాశం లేదు, మనకు ఉంది. వారం మధ్యలో ఒంటరిగా వచ్చే సెలవులు ఉంటాయి, ఈ ఏడాది జూన్ 2 మంగళవారం వచ్చినట్టు. అలాంటి రోజున ఆరుగంటలకు ఇల్లు వదిలితే ఎండ ఎక్కకముందే గుడి ముందు ఉంటారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. పైకప్పు అంచుల కింద నల్లరాతి మదనికల మీద ఏటవాలు వెలుగు పడేది ఆ వేళలోనే. నడినెత్తిన ఎండలో, వెనక నుంచి ఎవరో తోస్తుంటే, ఆ చెక్కడాల్లో సగం కంటికే ఆనవు. అక్కడి నుంచి ఘనపురం కోటగుళ్లు పది కిలోమీటర్ల లోపే. గణపేశ్వరాలయం చుట్టూ చిన్న గుళ్లు, కూలినవి కూలినట్టే ఉన్నాయి. అటు వచ్చేవారు తక్కువ. రెండూ చూసుకుని మధ్యాహ్న భోజనానికి ఇంటికి రావచ్చు. ఒక్క జాగ్రత్త: కార్తీక పౌర్ణమి, శివరాత్రి లాంటి రోజులు ఈ లెక్కలోకి రావు. అవి శివాలయాలకు పర్వదినాలు.

రెండో సంగతి: పత్రికల్లో వచ్చే వరుస సెలవుల జాబితా మీ జాబితా కాదు.

ఆ జాబితాలు శని, ఆదివారాలు రెండూ సెలవున్నవారికి వేసినవి. మీ బ్యాంకుకు రెండో, నాలుగో శనివారాలే సెలవు. మీ శ్రీమతి బడికి రెండో శనివారం. కాబట్టి కొత్త క్యాలెండరు రాగానే ఇద్దరూ కూర్చుని, ఇద్దరికీ కలిసే రోజులను మాత్రమే ఎర్ర సిరాతో చుట్టండి. మీ తరఫున 2026కు నేను చూశాను. ఆగస్టు 15 శనివారం, అది మూడో శనివారం, కనుక మీకు దక్కేది రెండు రోజులే. అక్టోబరు 2 శుక్రవారం, కానీ 3వ తేదీ మొదటి శనివారం, ఇద్దరికీ పని. సెప్టెంబరు 12 రెండో శనివారం, 14 సోమవారం వినాయక చవితి, ఇద్దరికీ నిజంగా మూడు రోజులు కలుస్తాయి. అయితే చవితినాడు ఇంట్లో పూజ వదిలి ఎవరు వెళతారు? శనివారం వెళ్లి ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చి, పత్రి కోసం సోమవారం పొద్దున మార్కెట్‌కు పోవడం కుదురుతుంది, అంతే. ఈ ఏడాది మిగిలిన వాటిలో మీకు అసలైన మూడు రోజులు డిసెంబరు 25 నుంచి 27. శుక్రవారం క్రిస్మస్, 26 నాలుగో శనివారం, పైగా మన రాష్ట్రంలో క్రిస్మస్ మర్నాడు కూడా ప్రభుత్వ సెలవే. ఎవరూ సెలవు చీటీ రాయనక్కరలేదు.

చంద్రుణ్ణి బట్టి వచ్చే పండుగల విషయంలో తొందరపడి డబ్బు కట్టకండి. రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాదున్నబీ సెలవులు నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ జరుగుతాయి. మన పండుగలకు కూడా తిథి రెండు రోజుల మీద పడినప్పుడు ఇంట్లోని పంచాంగం ఒకటి చెబుతుంది, ప్రభుత్వ ఉత్తర్వు ఇంకొకటి చెబుతుంది. ప్రయాణానికి ప్రభుత్వ జాబితానే పట్టుకోండి. ఇలాంటి సెలవులకు రద్దు చేస్తే డబ్బు తిరిగిచ్చే గదులనే తీసుకోండి.

ఇక అక్టోబరు 2. మీరు ఒక సెలవు, మీ శ్రీమతి ఒక సీఎల్ శనివారానికి పెట్టగలిగితే మూడు రోజులు ఇలా వేసుకోవచ్చు.

శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి హుజూరాబాద్, కరీంనగర్, జగిత్యాల మీదుగా ధర్మపురి. వరంగల్, కరీంనగర్ మధ్య రోడ్డు విస్తరణ పనుల వల్ల మళ్లింపులు ఉండవచ్చు, అందుకే చీకటితోనే బయలుదేరమంటున్నాను. ధర్మపురిలో నరసింహస్వామి దర్శనం, గోదావరి. అమ్మగారికి అక్కడ గంటన్నర తీరిక ఇవ్వండి. అక్కడి నుంచి రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి లక్సెట్టిపేట, ఆ తర్వాత జన్నారం. ఆగుతూ వెళితే మధ్యాహ్నం దాటుతుంది. ఆ సాయంత్రం ఎక్కడికీ తిరగకండి, పడుకోండి.

శనివారం తెల్లవారుజామున కవ్వాల అడవిలో సఫారీ. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన అడవి ఇది. వానాకాలంలో సఫారీలు ఆపి, సాధారణంగా అక్టోబరు మొదట్లో తెరుస్తారు. కాబట్టి వారం ముందు అటవీ శాఖ కార్యాలయానికి ఫోను చేసి, తెరిచారని విన్నాకే పిల్లలకు చెప్పండి. పులి కనబడుతుందని మాత్రం అస్సలు చెప్పకండి. చుక్కల దుప్పులు, మనుబోతులు, అదృష్టం బాగుంటే అడవిదున్న. వానలు వెనకపట్టిన అడవి అక్టోబరులో ఎంత పచ్చగా ఉంటుందో చూడటానికే వెళ్లాలి. సఫారీ అయ్యాక కడెం ప్రాజెక్టు. 2022 జూలైలో గేట్లు వదలగలిగినదానికి మించి వరద వచ్చి, రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి చూసింది ఈ ఆనకట్టనే. ఆ సంగతి పిల్లలకు కట్ట మీద నిలబెట్టి చెప్పండి.

మధ్యాహ్నం మూడింటికల్లా నిర్మల్ చేరండి. ఎందుకంటే బొమ్మలు చేసేవారిని పనిలో ఉండగా చూడాలి, ఆదివారం ఆ అవకాశం ఉండకపోవచ్చు. పొనికి కర్ర చెక్కిన ముక్కలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, అతుకు కనబడకుండా రుద్ది, ఆపైన రంగు వేస్తారు. రంగు వేయని సీతాఫలాన్ని చేతిలో పెట్టించుకుని బరువు చూడమనండి మీ పిల్లలను. అరచేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. నేను పంపిన ఎన్నో కుటుంబాలు జలపాతాల సంగతి మరిచిపోయినా ఈ గంట గురించి మళ్లీ మళ్లీ చెబుతారు. రాత్రి నిర్మల్‌లోనే ఉండండి.

ఆదివారం పొద్దున కుంటాల లేదా పొచ్చెర జలపాతం, రెండింటిలో ఒకటి. 44వ జాతీయ రహదారి మీదుగా హైదరాబాదు జనం అక్కడికి కూడా వస్తారు, కానీ వారు చేరేది పది, పదకొండు గంటలకు. మీరు నిర్మల్‌లో నిద్ర లేచారు కాబట్టి ఎనిమిదికల్లా చూసుకుని బయటపడవచ్చు. కుంటాలలో జలపాతం అడుగు దాకా దిగాలంటే నాలుగు వందలకు పైగా మెట్లు. దిగడం సరే, ఎక్కడం అమ్మగారి వల్ల కాదు. అమ్మగారితో అయితే పొచ్చెర. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, దగ్గర దాకా వెళ్లి చూడవచ్చు. తిరుగు ప్రయాణం ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, కరీంనగర్ మీదుగా. పది గంటలకు బయలుదేరితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. హైదరాబాదు వెళ్లే వరుసతో మీకు పని ఉండదు.

అక్టోబరు 2న ఇంకో చిన్న విషయం. గాంధీ జయంతి కాబట్టి ఆ రోజు మాంసం దుకాణాలు మూసి ఉంటాయి. కోడికూర, చేపల పులుసు ఆశ పెట్టుకుని వెళ్లి, దారిలో పప్పన్నం చూసి అలిగే పిల్లలను చూశాను. ముందే చెప్పి ఉంచండి. పులిహోర, చపాతీలు కట్టుకుపోతే మొదటి రోజు మధ్యాహ్నం గడుస్తుంది. జన్నారం చుట్టుపక్కల హోటళ్లు చిన్నవి, ఒకేసారి పదిమంది వస్తే అన్నం అయిపోతుంది.

శనివారం సెలవు దొరకకపోతే మూడు రోజుల ఆలోచన వదిలేసి, శుక్రవారం ఒక్కరోజు కాళేశ్వరం వెళ్లిరండి. పరకాల, రేగొండ, భూపాలపల్లి మీదుగా మూడు గంటలు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉన్న గుడి, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. రెండు నదుల నీటి రంగు తేడా వానలు తగ్గిన కొత్తలో ఒడ్డు నుంచే తెలుస్తుంది. ఈసారి అక్టోబరు 2 మహాలయ పక్షంలో పడింది కాబట్టి పితృకార్యాలకు వచ్చేవారు పొద్దున పూట ఘాట్ల దగ్గర ఉంటారు. వారి పని వారిని చేసుకోనిచ్చి, మీరు ముందు గుడికి, ఆ తర్వాత నది దగ్గరికి వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు మహదేవపూర్‌లో టసర్ పట్టు చూడవచ్చు. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఆదిమానవుల రంగుబొమ్మలు ఉన్నాయి. మీ పెద్దబ్బాయి పదేళ్లు దాటినవాడైతే అవి తప్పక చూపించండి, అమ్మగారు కిందే ఉండాలి. ఈ రోడ్డు మీద బొగ్గు, ఇసుక లారీలు ఎక్కువ. చీకటి పడకముందే పరకాల దాటేలా చూసుకోండి.

మహాలయ పక్షం వల్ల మీకు ఒక మేలు కూడా ఉంది. ఆ పదిహేను రోజులు పెళ్లిళ్లు ఉండవు. వాహనాలు ఖాళీగా దొరుకుతాయి, అద్దె మాట్లాడుకోవడానికి వీలుంటుంది. శ్రావణమాసపు వరుస సెలవుల్లో అడిగితే ఇదే బండికి ఎంత చెబుతారో చూడండి, తేడా తెలుస్తుంది.

గది దొరికాకే ప్రయాణం ఖాయం చేసుకోండి. మన ఉత్తర తెలంగాణలో రోడ్లు బాగానే ఉన్నాయి, బస చేసే చోట్లే తక్కువ. జన్నారం, కడెం, కాళేశ్వరం, తాడ్వాయి లాంటి చోట్ల హరిత హోటళ్లలో ఉండేవి కొద్ది గదులు. వరుస సెలవులకు అవి చాలా ముందే నిండిపోతాయి. అందుకే నా దగ్గరికి వచ్చేవారికి తేదీ చెప్పగానే ముందు గది చూస్తాను, తర్వాత బండి, చివరికి ఏం చూడాలన్నది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. చూడాల్సిన చోట్ల పట్టిక పెద్దగా రాసుకుని, రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియకుండా బయలుదేరతారు.

బండి మాట్లాడేటప్పుడు డ్రైవరు నిన్న రాత్రి ఎక్కడ ఉన్నాడో అడగండి. ఇది చెప్పడానికే ఈ సమాధానం ఇంత పొడవు రాసినా నాకు బాధ లేదు. వరుస సెలవుల్లో ఒక్కో డ్రైవరు ఒక ప్రయాణం ముగించి నేరుగా ఇంకో ప్రయాణానికి వస్తాడు. రాత్రంతా శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లివచ్చి, తెల్లవారి ఐదింటికి మీ ఇంటి ముందు హారన్ కొడతాడు. కాదనలేడు, సంపాదించుకునే రోజులు అవే. బండి ఎక్కేముందు "బాబూ, రాత్రి నిద్రపోయావా?" అని నెమ్మదిగా అడగండి. కళ్లు ఎర్రగా ఉంటే రెండు గంటలు మీ ఇంట్లోనే పడుకోనివ్వండి, ప్రయాణం ఆలస్యమైనా సరే. రాత్రి బస చేసే చోట అతనికి పడుకోవడానికి మంచం, భోజనం ముందే మాట్లాడండి, బండిలో పడుకుంటాడులే అనుకోకండి. మర్నాడు మీ పిల్లలు కూర్చునేది అతని వెనకే.

అద్దె బండి పసుపు రంగు నంబరు ప్లేటుదే తీసుకోండి. సిరొంచ, తాడోబా పులుల అడవి వైపు వెళ్లాలంటే మహారాష్ట్ర పన్ను కట్టిన చీటీ ఉందో లేదో బయలుదేరేముందు కంటితో చూడండి. ఉందని నోటితో చెప్పిన ఒక యజమాని బండిని సరిహద్దులో ఆపేస్తే, అందులోని ఆరుగురు ఎండలో మూడు గంటలు కూర్చున్నారు. తాడోబా మంగళవారం మూసి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

రైలు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ ప్రయాణానికి అరవై రోజుల ముందే తెరుచుకుంటుంది, పొద్దున ఎనిమిదింటికి. వెళ్లే టికెట్, తిరుగు టికెట్ వేర్వేరు రోజుల్లో తెరుచుకుంటాయి. అక్టోబరు 2కు ఆగస్టు 3న, అక్టోబరు 4కు ఆగస్టు 5న. వెళ్లడానికి టికెట్ దొరికింది కదా అని సంతోషించి తిరుగు టికెట్ మరిచేవారే ఎక్కువ. వెతికేటప్పుడు వరంగల్, కాజీపేట రెండూ చూడండి. ఢిల్లీ, చెన్నై మధ్య తిరిగే కొన్ని రైళ్లు వరంగల్‌లో ఆగి కాజీపేటలో ఆగవు, సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లేవి కాజీపేటలో ఆగుతాయి. కాజీపేట నుంచి బెర్తు లేకపోతే సికింద్రాబాద్ నుంచి చూసి, ఎక్కే స్టేషన్‌ను కాజీపేటగా పెట్టుకోండి. కోటా వేరు కాబట్టి చాలాసార్లు దొరుకుతుంది.

దసరా, సంక్రాంతి సెలవులకు ఈ సమాధానమంతా తిరగేసి చదువుకోవాలి. అప్పుడు హైదరాబాదు ఖాళీ అవుతుంది, జనమంతా మన వైపు వస్తారు. పండుగ ముందు రెండు రోజులు హైదరాబాదు నుంచి వరంగల్ వచ్చే వైపు, పండుగ తర్వాత వరంగల్ నుంచి వెళ్లే వైపు కిక్కిరిసి ఉంటాయి. సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, జూ పార్కు పిల్లలకు చూపించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటుంటే దసరా వారంలో, పండుగ ముందు రోజుల్లో వెళ్లిరండి. అప్పుడు మీకు అటు దారి ఖాళీ. ఇక రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు, జాతర నాలుగు రోజులే కాదు, అంతకు ముందు నెల రోజులూ ములుగు అవతలి రోడ్డు భక్తులది. మొక్కు ఉన్నవారు వెళ్లాలి, విహారానికి వెళ్లేవారు ఆ దారిని వారికి వదలాలి. ఆ రోజుల్లో వేములవాడ కూడా నిండే ఉంటుంది, చాలామంది ముందు రాజన్నను దర్శించుకునే మేడారం వెళతారు.

నీళ్ల దగ్గర ఒక్క మాట. కుంటాల, బొగత, ఎక్కడైనా సరే, రాయి మీద పాకురు పైకి కనబడదు. హెచ్చరిక బోర్డు దాటి ఫొటో కోసం దిగినవారు తిరిగి రాని సందర్భాలు మన జిల్లాల్లో దాదాపు ఏటా వింటున్నాం. మీ పిల్లల చేయి మీ చేతిలోనే ఉండాలి.

అక్టోబరుకు శనివారం సెలవు కుదిరితే ఈరోజే జన్నారం గది చూడండి. కుదరకపోతే డిసెంబరు 25 కోసం ఆగండి, అదే జన్నారం, నిర్మల్ దారి చలికాలంలో ఇంకా బాగుంటుంది. జలపాతాల్లో నీరు మాత్రం సన్నబడుతుంది. పొద్దున సఫారీకి అమ్మగారికి స్వెటరు, చెవులకు మఫ్లరు తప్పనిసరి, ఆదిలాబాద్ వైపు చలి మన హనుమకొండ చలి లాంటిది కాదు. రైల్లో మంచిర్యాల దాకా వెళ్లి అక్కడి నుంచి బండి మాట్లాడుకోవాలనుకుంటే 25వ తేదీ టికెట్లు అక్టోబరు 26న, తిరుగు ప్రయాణం 27కు అక్టోబరు 28న తెరుచుకుంటాయి. అమ్మగారు ఎంతసేపు కూర్చుని ప్రయాణించగలరో, మెట్లు ఎన్ని ఎక్కగలరో రాయండి. దాన్ని బట్టి మధ్యలో ఎక్కడ ఆగాలో చెబుతాను.